ఆ ఇంటి ఆవు

నాది పాలమూరు జిల్లా. మేము ఎం.బి. చర్చి వాళ్లం. మా అమ్మమ్మ జడ్చర్ల మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసింది. ఎం.బి. అంటే మెన్నొనైట్ బ్రదరెన్ అని సండే స్కూల్లోనే నేర్చుకున్నాం గానీ, ఆ మెన్నొనైట్లు ఎవరు, ఎక్కడి వాళ్లు అని నేనెప్పుడూ అడగలేదు. పెద్దవాళ్లు "దొరలు, దొరసానులు" అనేవాళ్లు. మాకూ అంతవరకే తెలుసు. ఆ పేరు వెనకున్న మనుషుల్ని నేను మొదటిసారి దగ్గరగా చూసింది కెనడాలో, విన్నిపెగ్‌లో, ఒక ముసలావిడ వంటింట్లో.

ఇక్కడ నేను హోం కేర్ వర్కర్‌ని. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లకి వెళ్లి స్నానం చేయిస్తాను, మందులు అందిస్తాను, ఇంత తిండి వేడి చేసి పెడతాను. 2021 వేసవిలో ఆమె ఇంటికి డ్యూటీ పడింది. అప్పటికి ఆమెకి 87 ఏళ్లు. అందరూ ఆమెని ఓమా అంటారు. అమ్మమ్మైనా నానమ్మైనా వాళ్ల భాషలో ఓమానే. మొదటి రోజు నేను కింద కూర్చుని ఆమె కాళ్లకి బిగుతు మేజోళ్లు తొడుగుతుంటే ఏ దేశమని అడిగింది. ఇండియా అన్నాను. ఇండియాలో ఎక్కడ అంది. హైదరాబాద్ దగ్గర, మా భాష తెలుగు అన్నాను. ఆమె ముందుకి వంగి నా భుజం పట్టుకుంది.

"తెలుగు! నల్లగొండ!" అంది.

నాకు ఒళ్లు ఝల్లుమంది. ఆ దేశంలో, ఆ వయసు మనిషి నోట నల్లగొండ పేరు!

తర్వాత చెప్పింది. వాళ్లది ఉక్రెయిన్‌లో మొలొచ్నా అనే ప్రాంతంలో, రూకెనౌ దగ్గర ఒక ఊరు. 1889లో ఆ ప్రాంతం నుంచే అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియా ఇండియాకి బయల్దేరి నల్లగొండలో మిషన్ పని చేశారు. దానికి కావాల్సిన డబ్బులో చాలా భాగం అక్కడి మెన్నొనైట్ ఊళ్ల నుంచే వచ్చేది. ఓమా పుట్టేనాటికి స్టాలిన్ ప్రభుత్వం చర్చీలు మూయించేసింది. కానీ వాళ్ల నానమ్మ రాత్రిపూట పక్కలో పడుకోబెట్టుకుని, ఆదివారం పెట్టిన కోడిగుడ్లు అమ్మి తెలుగువాళ్ల కోసం కానుక వేసేవాళ్లమని చెప్పేదట. మా అమ్మమ్మ వాళ్ల వైపు మొదట బాప్తిస్మం తీసుకున్నది నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన కుటుంబమే. ఆ గుడ్ల డబ్బు మా దాకా వచ్చిందో లేదో నాకు తెలియదు. కానీ ఆ రోజు నుంచి ఓమా నాకు పరాయి మనిషి కాలేదు.

ఆమె జీవితం రికార్డు చేయమని అడిగింది వాళ్ల పెద్దమ్మాయి. "మాతో చెప్పదు, నీతో చెబుతోంది" అంది. డ్యూటీ టైంలో అలాంటివి చేయకూడదు. అందుకని ఆదివారాలు చర్చి అయ్యాక నా సొంతంగా వెళ్లడం మొదలుపెట్టాను. రెండేళ్లకి పైగా పట్టింది. ఇలాంటి పని నేను అంతకుముందు ఎప్పుడూ చేయలేదు. ఫోన్‌ని చక్కెర డబ్బాకి ఆనించి రికార్డింగ్ నొక్కేదాన్ని. గోడ గడియారం టిక్కుటిక్కు మాటల కంటే గట్టిగా వినిపించేది. మూడో వారానికి గడియారం తీసి పడగ్గదిలో పెట్టడం నేర్చుకున్నాను.

మొదటి రెండు నెలలూ నాకు దొరికింది సాక్ష్యం. మన చర్చీల్లో సాక్ష్యం చెప్పడం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కష్టం, కన్నీళ్లు, దేవుడు దారి చూపడం, హల్లెలూయా. ఓమా ఆ కథని చర్చిలో, స్కూళ్లలో యాభై ఏళ్లుగా చెబుతోంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో ఆమెకి తెలుసు. ఏ ప్రశ్న అడిగినా మళ్లీ ఆ దారిలోకే వచ్చేసేది.

ఆ సాక్ష్యం కొంచెంలో ఇదీ. మెన్నొనైట్లు 16వ శతాబ్దంలో హాలండ్ ప్రాంతంలో మొదలైన క్రైస్తవులు. మెన్నో సైమన్స్ అనే ఆయన పేరు మీద వాళ్లకి ఆ పేరొచ్చింది. పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు, ఆయుధం పట్టరు. ఆ రెండింటి కోసం దేశాలు మారుతూ వచ్చారు. హాలండ్ నుంచి పోలండ్‌లోని విస్తులా నది ఒడ్డుకి, అక్కడి నుంచి రష్యా రాణి కేథరిన్ పిలిస్తే ఉక్రెయిన్ మైదానాలకి. 1789లో ఖోర్తిత్సా, 1804లో మొలొచ్నా కాలనీలు కట్టుకున్నారు. గోధుమ పండించి బాగా బతికారు. విప్లవం తర్వాత అంతర్యుద్ధం, కరువు, భూములు లాక్కోవడం వరసగా వచ్చాయి. 1920లలో ఇరవై వేల మంది దాకా కెనడాకి వెళ్లిపోయారు. ఓమా మేనమామ వాళ్లలో ఒకడు. మిగిలినవాళ్లు ఇరుక్కుపోయారు.

1938లో ఒక రాత్రి వాళ్ల నాన్నని తీసుకెళ్లారు. 1937, 38 రెండేళ్లలో ఆ ఊళ్ల నుంచి అలా పోయిన మగవాళ్లకి లెక్కలేదు. ఓమాకి నాలుగేళ్లు. వాళ్లమ్మ ఒక దిండు గలీబు దులిపి, దాంట్లో వేయించిన జ్వీబాక్ పోసి ఆయన చేతికిచ్చింది. జ్వీబాక్ అంటే పెద్ద బన్ను మీద చిన్న బన్ను కూర్చోబెట్టి కాల్చిన రొట్టె. దాన్ని విడదీసి మళ్లీ పొయ్యిలో సన్నటి సెగ మీద ఎండబెడితే మన రస్కులా అవుతుంది, నెలల తరబడి పాడవదు. మెన్నొనైట్లు ఎక్కడికి వలసపోయినా మూట కట్టుకునేది అదే. మన పాలమూరు కూలీలు ప్రాజెక్టుల పనులకి పోయేటప్పుడు ఎండు రొట్టెలు, సద్ది మూట కట్టుకున్నట్టు. నేనా మాట చెబితే ఓమా నన్ను ఆపి, ఆ రొట్టె ఏ పిండితో చేస్తారని అడిగింది. జొన్న అన్నాను. ఆమె నవ్వి, "జొన్న సంగతి నాకు తెలుసు, తర్వాత చెబుతా" అంది.

సాక్ష్యం కాకుండా ఆమె నోట విన్న మొదటి సొంత మాట అది. అప్పుడు నాకు దారి దొరికింది. తేదీలు అడగడం మానేశాను. ఏం తిన్నారు, ఏం మోశారు, ఎవరి పక్కన పడుకున్నారు అని అడగడం మొదలుపెట్టాను. వంట చేస్తూ మాట్లాడుకునేవాళ్లం. ఇంకోటి గమనించాను. ప్రార్థన మాటలు ఆమెకి పుస్తకాల జర్మన్‌లో వస్తాయి. నాతో ఇంగ్లీషు. పొయ్యి, పశువులు, తిట్లు మాత్రం ఇంట్లో మాట్లాడే ప్లౌట్‌డీచ్‌లోనే. మనం బైబిల్ తెలుగులో ప్రార్థన చేసి, ఇంట్లో పాలమూరు తెలుగు మాట్లాడుకోమా, అలాగే. ఆమె ప్లౌట్‌డీచ్‌లోకి జారిందంటే, అది కంఠస్థం చేసిన కథ కాదని అర్థం. ఆ మాటలకి అర్థం తర్వాత వాళ్ల అమ్మాయిని అడిగి రాసుకునేదాన్ని.

విన్నదంతా రాత్రి ఇంటికొచ్చి ఒక నోట్‌బుక్కులో తెలుగులో రాసేదాన్ని. నా చెయ్యి వేగంగా నడిచేది ఆ భాషలోనే. తర్వాత నేను చదివి చెబుతుంటే వాళ్ల అమ్మాయి ఇంగ్లీషులో టైపు చేసేది. అలా ఓమా జీవితం మొదట కాగితం మీద పడింది తెలుగులో. ఈ సంగతి తెలిసి ఆమె ఎంత సంతోషపడిందో! "మా నానమ్మ వింటే బాగుండు" అంది.

ఇక కాగితాల సంగతి. మనిషి జ్ఞాపకం ఒక్కటే చాలదని పెద్దమ్మాయి పట్టు. విన్నిపెగ్‌లో మెన్నొనైట్ హెరిటేజ్ ఆర్కైవ్స్, మెన్నొనైట్ బ్రదరెన్ స్టడీస్ సెంటర్ అని రెండున్నాయి. వెళ్లేముందు నాకు చాలా టెన్షన్. అక్కడికి ప్రొఫెసర్లే వెళ్తారనుకున్నాను. అలాంటిదేం లేదు. పెన్ను పక్కనపెట్టి పెన్సిలు తీసుకోమన్నారు, ఏం కావాలో అడిగారు, ఓపిగ్గా చూపించారు. వీళ్లకి గ్రాండ్‌మా అని ఒక వంశవృక్షాల డేటాబేస్ ఉంది. ఇంటిపేర్లు కొన్నే. ఒకే పేరున్న మనుషులు వందల్లో ఉంటారు, అందుకని ప్రతి మనిషికీ ఒక నంబరు. 1926లో వచ్చిన మేనమామ వలస కార్డు దొరికింది. దాంట్లో ఓమా తాత, అమ్మమ్మల పేర్లు, ఊరు, పుట్టిన తేదీలు ఉన్నాయి. దాన్నిబట్టి వాళ్లమ్మ పుట్టింటి వివరాలు సరిచూసుకున్నాం.

అసలు దొరకాల్సింది వాళ్లమ్మ ఫైలు. దాని పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పాలి. 1941లో జర్మన్ సైన్యం ఉక్రెయిన్‌లోకి వచ్చింది. రావడానికి ముందే సోవియట్ అధికారులు మొలొచ్నాలో మగవాళ్లని తూర్పుకి తోలేశారు. ఆడవాళ్లనీ పిల్లల్నీ కూడా పంపేయడానికి రైల్వే స్టేషన్లలో కూర్చోబెట్టారు. రైళ్లు రాకముందే జర్మన్లు వచ్చారు. జర్మన్ మాట్లాడే ఈ ఊళ్లకి అది విడుదలలా అనిపించింది. రెండేళ్ల తర్వాత, 1943 సెప్టెంబరులో, జర్మన్లు వెనక్కి తగ్గుతూ వీళ్లని కూడా వెంట తీసుకెళ్లారు. ఖోర్తిత్సా వైపు వాళ్లు ఎక్కువమంది రైళ్లలో, మొలొచ్నా వాళ్లు గుర్రబ్బళ్లలో. మొత్తం ముప్పై అయిదు వేల మంది దాకా. దాన్ని వీళ్లు ట్రెక్ అంటారు. ఓమాకి తొమ్మిదేళ్లు, అన్నకి పదహారు, తమ్ముడికి ఆరు. వాళ్లమ్మ బండి తోలింది. శీతాకాలమంతా బురదలో, మంచులో నడిచి, 1944లో పోలండ్‌లో జర్మనీ కలిపేసుకున్న వార్తెగౌ అనే ప్రాంతానికి చేరారు. అక్కడ ఒక జర్మన్ కార్యాలయం ప్రతి మనిషికీ ఫారాలు నింపి, రక్తం, జాతి లెక్కలు చూసి పౌరసత్వం ఇచ్చింది. ఆ ఫైళ్లని ఇ.డబ్ల్యూ.జెడ్. ఫైళ్లంటారు. వాటి మైక్రోఫిల్ములు అమెరికాలో మేరీల్యాండ్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆర్కైవ్స్ వాళ్లు దారి చెప్పారు, పెద్దమ్మాయి తెప్పించింది.

కాపీలు వచ్చిన రోజు ఓమా కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని చూసింది. వాళ్లమ్మ ఫోటో ఉంది, చిన్నది. జుట్టు గట్టిగా వెనక్కి దువ్వి, ఎవరో చెప్పినట్టు నిటారుగా కూర్చుని. ఆ వయసులో అమ్మ ఫోటో ఓమా దగ్గర ఒక్కటీ లేదు. చేత్తో రాసిన పేజీ ఒకటుంది. "నా భర్తని 1938లో తీసుకెళ్లారు, ఆ తర్వాత ఏ కబురూ లేదు" అన్న వాక్యం దగ్గర ఓమా వేలు ఆగింది. ఆయన్ని ఆ ఏడే కాల్చేశారని ఓమాకి తెలిసింది సోవియట్ యూనియన్ కూలిపోయి కాగితాలు బయటికొచ్చాక, 1990లలో. వాళ్లమ్మ తెలియకుండానే పోయింది.

కింద ఇంకో గడిలో అప్పటి చిరునామా ఉంది. ఒక పోలిష్ ఊరు, ఇంటి నంబరు. నేను మామూలుగానే అడిగాను, "ఓమా, ఈ ఇల్లు ఎవరిది?" అని.

ఆమె కాగితాలు మడిచి పక్కన పెట్టింది. టీ పెట్టమంది. ఆ రోజు ఇంకేం మాట్లాడలేదు. తర్వాత మూడు ఆదివారాలు ఒంట్లో బాగాలేదని కబురు పంపింది. డ్యూటీకి వెళ్లినప్పుడు మాత్రం బాగానే ఉండేది, ఆ సంగతి ఎత్తేది కాదు. నేను అడగకూడనిది అడిగానని చాలా బాధపడ్డాను. పాత నోట్సు తిరగేస్తే అప్పుడు కనిపించింది. ఆమె సాక్ష్యంలో ఆ ఏడాది లేనే లేదు. మంచులో ట్రెక్ తర్వాత సూటిగా బెర్లిన్‌కి దూకేస్తుంది.

నాలుగో ఆదివారం తనే ఫోన్ చేసి రమ్మంది. నేను ఫోన్ చక్కెర డబ్బాకి ఆనించేలోపే మొదలుపెట్టింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాయడానికి ప్రయత్నిస్తాను.

"మాకు ఇల్లు ఇచ్చారు. పొయ్యి ఉంది, మంచాలున్నాయి, గిన్నెలున్నాయి. పాకలో ఆవు ఉంది. ఆరు నెలలు బండిలో పడుకున్న పిల్లని నేను. ఆ మంచం మీద పడుకుని ఏడ్చాను, సంతోషంతో. పొద్దున అమ్మ పాలు పిండడానికి వెళ్లింది. అమ్మకి పుట్టినప్పటినుంచి పశువులే. కానీ ఆ ఆవు పాలివ్వలేదు. పొదుగు నిండుగా ఉంది, ఒక్క చుక్క దించలేదు. అమ్మ పొదుగు కడిగింది, నిమిరింది, పాట పాడింది, తిట్టింది. అది గోడకేసి చూస్తూ నిలబడింది."

నేను గభాలున అన్నాను, "చేపలేదు." ఆమె ఆగి, అదేమిటంది. ఆవు పొదుగులోకి పాలు వదలడాన్ని మా భాషలో చేపడం అంటారని, దూడ కనిపిస్తేనో, తెలిసిన చెయ్యి తగిలితేనో చేపుతుందని చెప్పాను. ఆమె ఆ మాటని రెండుసార్లు పలికింది.

"మూడు రోజులు చేపలేదు. మా దగ్గర పనికి ఒక పోలిష్ పిల్లని పెట్టారు. పద్నాలుగు, పదిహేనేళ్లుంటాయి. నాలుగో రోజు ఆ పిల్ల పాకలోకి వచ్చి, దాని చెవి దగ్గర ఏదో పేరు పెట్టి పిలిచింది. క్రసూలా, క్రసూలా అని. అంతే, పాలు ధారగా పడ్డాయి. అమ్మ చెంబు పట్టుకుని నిలబడిపోయింది. అప్పటికి అమ్మకి అర్థమైంది. నాకు అర్థం కావడానికి ఇంకొన్నాళ్లు పట్టింది. అది ఆ పిల్ల ఆవు. ఆ మంచం ఆ పిల్ల మంచం. వాళ్లని గెంటేసి మమ్మల్ని పెట్టారు. వాళ్లమ్మా నాన్నా ఎక్కడున్నారో నాకు తెలియదు. ఆ పిల్ల మాత్రం తన ఇంట్లోనే పనిపిల్లగా మిగిలింది. నేను రోజూ ఆ పాలు తాగాను. బాగున్నాయి. బాగున్నాయని గుర్తుంది నాకు."

తర్వాత చాలాసేపు రికార్డింగులో ఏ మాటా లేదు.

1945 జనవరిలో సోవియట్ సైన్యం వస్తోందంటే వీళ్లు మళ్లీ బండి కట్టారు. అన్నని అప్పటికే జర్మన్ సైన్యంలోకి లాక్కున్నారు. ఆయుధం పట్టనందుకే నాలుగు వందల ఏళ్లు దేశాలు తిరిగిన వాళ్ల పిల్లవాడు యూనిఫాం వేసుకుని వెళ్లి, తిరిగి రాలేదు. "మేం గేటు దాటుతుంటే ఆ పిల్ల ఆవుకి గడ్డి వేస్తోంది. మా వైపు తల కూడా తిప్పలేదు. ఎందుకు తిప్పాలి?" అంది ఓమా.

ఇది విన్నాక నేను కొంచెం చదివాను. జర్మన్ ఆక్రమణ కాలంలో ఉక్రెయిన్‌లో యూదుల్ని చంపినప్పుడు కొందరు మెన్నొనైట్లు కూడా ఆ పనిలో ఉన్నారని ఈమధ్య చరిత్రకారులు రాశారు. చాలామంది కుటుంబాలు తమ కష్టాలే చెప్పుకున్నాయి, వాళ్ల కష్టాలు నిజమే కూడా. ముప్పై అయిదు వేలల్లో ఇరవై మూడు వేల మంది దాకా మళ్లీ సోవియట్ చేతుల్లో పడి సైబీరియా, కజకిస్తాన్ వైపు వెళ్లిపోయారు. ఓమా పెద్దమ్మ కుటుంబం అలాగే పోయింది. పదేళ్ల తర్వాత ఒక ఉత్తరం వచ్చింది, అంతే. ఈ రెండూ ఒకే మనుషుల జీవితంలో ఉన్నాయి. ఒకటి చెప్పి రెండోది దాచడం ఓమాకి 77 ఏళ్లు బరువైంది. నాకు తెలిసి ఆమె పోగొట్టుకున్నవి చెప్పడానికి అంత కష్టపడలేదు. ఇతరుల నుంచి అందుకున్నది చెప్పడానికే ఆమెకి గొంతు రాలేదు.

ఆ తర్వాత మిగతాది సులువుగా నడిచింది. బెర్లిన్ సంగతి ప్రతి మెన్నొనైట్ ఇంట్లోనూ చెప్పుకునేదే. 1946కి బెర్లిన్ అమెరికన్ సెక్టార్‌లో వెయ్యి మందికి పైగా శరణార్థులు పోగయ్యారు. మెన్నొనైట్ల సేవాసంస్థ ఎం.సి.సి. తరఫున పీటర్ డిక్, ఎల్‌ఫ్రీడా డిక్ దంపతులు వాళ్లని చూసుకున్నారు. చుట్టూ సోవియట్ జోన్, దాన్ని దాటితేగానీ ఓడ లేదు. చివరి గంటల్లో సోవియట్ అనుమతి వచ్చి, 1947 జనవరి 30 రాత్రి రైలు కదిలింది. ఫిబ్రవరి 1న బ్రెమర్‌హావెన్ రేవు నుంచి వొలెండాం అనే డచ్ ఓడ 2,303 మందితో దక్షిణ అమెరికాకి బయల్దేరింది. ఓమాకి మాత్రం ఓడ గురించి బాగా గుర్తున్నది తెల్ల రొట్టె. తమ్ముడు ఒక ముక్క తిని, ఒక ముక్క చొక్కాలో దాచేవాడట, రేపు ఉండదేమోనని.

దక్షిణ అమెరికాలో వీళ్లు వెళ్లాల్సింది పరాగ్వేకి. అక్కడికే ఎందుకంటే, ముసలివాళ్లని, జబ్బువాళ్లని, మగదిక్కు లేని కుటుంబాల్ని కూడా కాదనకుండా తీసుకున్న దేశం అదొక్కటే. సైన్యంలో చేరక్కర్లేదని మెన్నొనైట్లకి 1921లోనే చట్టం చేసింది. వీళ్లు చేరేసరికి అక్కడ అంతర్యుద్ధం. చాలామంది బ్యూనస్ ఎయిర్స్‌లో గుడారాల్లో ఆగాల్సి వచ్చింది. తర్వాత చాకో అనే ముళ్ల అడవిలో నోయ్‌లాండ్ కాలనీ. దాంట్లో వీళ్లకి పడిన ఊరిని ఆడవాళ్ల ఊరనేవాళ్లు. భర్తలు రష్యాలోనో యుద్ధంలోనో పోయిన ఆడవాళ్లే అక్కడ ఇంటిపెద్దలు. వాళ్లే చెట్లు కొట్టారు, బావులు తవ్వారు, పచ్చి ఇటుకలు కోశారు. ఉత్తరపు గాలి వీస్తే మన రోహిణి కార్తె వడగాలే. గోధుమ పండదు. అప్పుడు చెప్పింది జొన్న సంగతి. జొన్న, పత్తి, వేరుశనగ. ఆ పేర్లు వింటుంటే నాకు మా ఊరి చెలకలు కళ్లముందు కదిలాయి. జొన్నపిండితో జ్వీబాక్ చేస్తే పైబన్ను నిలబడక పక్కకి ఒరిగిపోయేదట. ఆ సంగతి చెబుతూ ఆమె చేతులు రెండూ పిండిలో ఉన్నట్టే కదిలాయి.

1957లో మేనమామ పూచీ మీద ఓమా విన్నిపెగ్ వచ్చింది. అప్పటికి 23 ఏళ్లు. ఇళ్లల్లో పనిచేసింది, తర్వాత బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని, పెళ్లి, నలుగురు పిల్లలు. వాళ్లమ్మ రానంది. ఇంకో దేశంలో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టే ఓపిక లేదంది. ఆమె సమాధి చాకోలోనే ఉంది.

పుస్తకం అచ్చు వేయించే దగ్గర ఇంట్లో గొడవైంది. ఆవు సంగతి తీసేయాలని కొడుకుల్లో ఒకాయన గట్టిగా అన్నాడు. అమ్మని జనం ఏమనుకుంటారు, అప్పుడు చిన్నపిల్ల కదా, ఆమె తప్పేముంది అని. ఆయన బాధ నాకు అర్థమైంది. ఓమా ఒక్కటే అంది, "అది తీస్తే మిగతాది కూడా తీసేయండి." అరవై కాపీలు వేశాం, ఆవుతో సహా. అప్పటికే 2022 యుద్ధం మొదలై, మొలొచ్నా ప్రాంతమంతా రష్యా సైన్యం చేతిలో ఉంది. వాళ్ల చర్చికి ఉక్రెయిన్ నుంచి కుటుంబాలు వస్తున్నాయి. జపోరిజియా నుంచి వచ్చిన ఒక తల్లికి ఓమా జ్వీబాక్ డబ్బా పంపింది. ఆమె ఏ ఊరిదో చీటీ మీద రాయించి ఫ్రిజ్ మీద అంటించుకుంది.

ఆవు సంగతి విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా తాతమ్మ ఇంట్లో ఒక పెద్ద రాగి కాగు ఉండేది. చిన్నప్పుడు పండగలకి దాంట్లోనే మాకందరికీ నీళ్లు కాచేవాళ్లు. దాని అంచు మీద ఉర్దూలో పేరు కొట్టి ఉండేది. మేం ఉర్దూ వాళ్లం కాదు. ఎవరిదని అడిగితే "యాక్షన్ అప్పుడు వచ్చింది" అనేవాళ్లు. 1948 పోలీసు యాక్షన్. ఆ మాట మీద ఇంకో ప్రశ్న వేయకూడదని పిల్లలకి కూడా తెలుసు.

పుస్తకాలు వచ్చిన వారం అమ్మకి ఫోన్ చేశాను. కాగు ఉందా అని అడిగాను. "అటక మీద ఉన్నది, ఎందుకే ఇప్పుడు?" అంది. దించి, చింతపండుతో తోమి, అంచు ఫోటో తీసి పంపమన్నాను. రెండు రోజులకి పంపింది. నాతో పనిచేసే ఒకామె లాహోర్ నుంచి వచ్చింది, ఆమెకి చూపించాను. ఫోన్ తెర పెద్దది చేసి చదివింది. ఒక ఆడమనిషి పేరు, కింద ఊరి పేరు. మా తాతమ్మ వాళ్ల ఊరే.

ఆదివారం ఆ ఫోటో ఓమాకి చూపించాను. ఆమె కళ్లద్దాలు సర్దుకుని, చుక్కలు చుక్కలుగా కొట్టిన ఆ అక్షరాల మీద వేలితో కుడి నుంచి ఎడమకి గీస్తూ, ఏం పేరని అడిగింది. చెప్పాను. నేను పలికినట్టే పలికే దాకా మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.